బాగానే ఉందమ్మా

జూన్ పదిహేడు, సోమవారం. ఆ రాత్రి ముగ్గురం ఉడకబెట్టిన బంగాళాదుంపలు, కాల్చిన రొట్టె తిన్నాం. దుంపల్లో ఉప్పు పడలేదు. మా అబ్బాయి మొదటి ముక్కకే గమనించాడు, నేనూ గమనించాను. ఇద్దరం ఏమీ అనకుండా తినేశాం. ఆ పూట మా ఇంట్లో ఒకరికొకరు చేసుకున్న మేలు అదొక్కటే.

వంట చేసింది మా కోడలు. ఆమె కంచం పక్కన నాలుగు మడతలు పెట్టిన జవాబు పత్రం ఉంది. నర్సింగ్ కాలేజీలో కేర్ ప్లాన్ పరీక్ష రెండోసారీ తప్పింది. ఒక రోగిని తీసుకుని, అతని సంరక్షణ మొదటి నుంచి చివరి దాకా ఎలా చేస్తారో రాసి చూపించే పరీక్ష అది. మూడుసార్లు తప్పితే పేరు కొట్టేస్తారని కాలేజీ నియమం. పదేళ్ళు ఒక బడి ఆఫీసులో టైపు కొట్టి, ముప్పై నాలుగేళ్ళ వయసులో వెళ్ళి పద్దెనిమిదేళ్ళ పిల్లల మధ్య కూర్చుంది. వాళ్ళు ఆమెను ఎదురుగా అక్కా అనేవారు, వెనకాల ఆంటీ అనేవారట.

మా అబ్బాయి సిటీ బస్సు నడుపుతాడు. కఠినుడు కాడు. రెండేళ్ళుగా తన యూనిఫాం తనే ఇస్త్రీ చేసుకుంటున్నాడు. పొద్దుటి డ్యూటీ లేని రోజున వంటా చేస్తున్నాడు. కానీ అలిసిపోయాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఈసారితో సరి. పాసైతే మంచిది, లేకపోతే మళ్ళీ బడి ఆఫీసుకే. సరేనా?" అన్నాడు.

ఆమె సరే అంది. అంత తొందరగా సరే అనటం నాకు బెంగ పుట్టించింది.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. మా ఆవిడ పోయి అప్పటికి ఏడాదిన్నర. ఆమె పోయాక మాట్లాడటం తగ్గింది గానీ చదవటం తగ్గలేదు. మాత్రల డబ్బాలో వచ్చే చీటీతో సహా, ఇంట్లోకి వచ్చిన ఏ కాగితాన్నీ వదిలేవాణ్ణి కాను. ఆ పత్రం చూడొచ్చా అని కోడల్ని అడిగాను. మడతలు విప్పి నా ముందు పెట్టింది.

పేజీ అడ్డంగా ఐదు గళ్ళు. మొదటి దాంట్లో రోగిని చూసి, అడిగి తెలుసుకున్నవి. రెండో దాంట్లో డయాగ్నోసిస్. తర్వాత ఏం చేయాలనుకున్నారో, ఏం చేశారో, చివరికి ఏమైందో. రెండో గడిలో ఆమె "అధిక రక్తపోటు" అని రాసింది. దాని కింద ఎర్రగీత, పక్కన "ఇది డాక్టరు మాట. నర్సు ఏం చూసింది?" అని ఉంది.

"ఉన్న జబ్బు పేరు రాస్తే తప్పేంటి మామయ్యా?" అంది.

నాకు వైద్యం రాదు. తోచింది చెప్పాను. "కింది వీధి టైలరుకీ బీపీ ఉంది, నాకూ ఉంది. డాక్టరు ఇద్దరికీ ఒకే మాత్ర రాశాడు. అతను మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతాడు. నేను పొద్దున మంచం దిగగానే గోడ పట్టుకుంటాను. ఇద్దరికీ నువ్వు ఒకే మాట రాస్తావా?"

ఆమె పత్రం వదిలేసి నా మొహం చూసింది. "గోడ పట్టుకుంటారా? ఎప్పటి నుంచి?"

మాట దాటేద్దామనుకున్నాను, దాటనివ్వలేదు. మూడో ప్రయత్నంలో ఒకే రోగిని ఇంటి దగ్గర ఆరు వారాలు చూసి రాయాలట. అలాంటి రోగి కోసం వార్డుల్లో ఎవరిని బతిమాలాలా అని ఆలోచిస్తోందట.

"నన్ను రాసుకో" అన్నాను. ఇంట్లో ఉండి ఎవరికీ పనికిరాని మనిషికి అది గొప్ప అవకాశంగా కనిపించింది.

మర్నాడు సాయంత్రం, అవే ఐదు గళ్ళున్న కొత్త పుస్తకం తెచ్చి మొదలుపెట్టింది. స్టెతస్కోపు బిళ్ళ చల్లగా తగలకుండా ముందు తన అరచేతిలో కాసేపు మూసి పట్టుకుంది. అది ఏ పాఠంలోనూ లేదని తర్వాత తెలిసింది. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. నిలబడితే పద్దెనిమిది పాయింట్లు తగ్గింది. రాత్రి ఎన్నిసార్లు లేస్తారని అడిగింది. కోడలు మామగారిని అడగదగ్గ ప్రశ్న కాదు. ఆమె పుస్తకం వంక చూస్తూ అడిగింది, నేను కిటికీ వంక చూస్తూ నాలుగుసార్లు అని చెప్పాను. బయట అప్పుడే వాన మొదలైంది. ఇద్దరికీ చూడటానికి ఏదో ఒకటి దొరికింది.

రోగి చెప్పింది మార్చకూడదట. అతని మాటల్లోనే, కొటేషన్ల మధ్య రాయాలట. బతుకంతా పరాయివాళ్ళ మాటలకు కొటేషన్లు సరిచూసినవాణ్ణి. నా మాటకు కొటేషన్లు పడటం అదే మొదటిసారి. నేను నవ్వితే, ఎందుకు నవ్వారో అది కూడా రాయాలా అని అడిగింది.

రెండో గడి నింపటానికి మూడు సాయంత్రాలు పట్టింది. కొట్టేసింది, రాసింది. చివరికి "లేచి నిలబడినప్పుడు రక్తపోటు పడిపోవటం వల్ల, రాత్రి పలుమార్లు లేవటం వల్ల, పడిపోయే ప్రమాదం" అని రాసి నాకు వినిపించింది. వినగానే నాకు కొంచెం భయం వేసింది. అంటే సరిగ్గా రాసిందన్నమాట.

తర్వాత ప్లాను. ఆరు వారాల్లో కళ్ళు తిరగటం వారానికి ఒక్కసారికి తగ్గాలి. రాత్రి లేవటం రెండుసార్లకు రావాలి. ఒక్కసారి కూడా పడకూడదు. దానికోసం రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్ళు, ఎక్కువ భాగం సాయంత్రం లోపల. లేచే ముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని పాదాలు ఆడించాలి. నీళ్ళ గళ్ళు గీసిన కాగితం ఫ్రిజ్ మీద అతికించింది. తాగిన ప్రతి గ్లాసుకీ నేనే టిక్కు పెట్టాలి.

మా అబ్బాయి డిపో నుంచి పసుపు, నలుపు చారల టేపు తెచ్చి బాత్రూము మెట్టుకు అంటించాడు. పెళ్ళాం పుస్తకం తిరగేసి, "మా డిపోలోనూ ఇదే పద్ధతి. బండి చూస్తారు, రోగం పేరు రాస్తారు, ఏం చేయాలో రాస్తారు, చేస్తారు. ఐదోది మాత్రం ఎవడూ చేయడు. బాగైందో లేదో రోడ్డు మీద నేనే తేల్చుకోవాలి" అన్నాడు. ముగ్గురం నవ్వాం. ఆ ఇంట్లో ముగ్గురం ఒకేసారి నవ్వి చాలా రోజులైంది.

మా బాత్రూముకూ వాళ్ళ గదికీ మధ్య ఒకటే గోడ. నీటి గొట్టం ఆ గోడలోంచే పోతుంది. ఫ్లష్ నొక్కితే గోడలో ఎవరో గులకరాళ్ళు దొర్లించినట్టు ఉంటుంది. మా అబ్బాయికి పట్టదు. కోడలికి మెలకువ వస్తుంది. వచ్చాక నేను నా మంచం ఎక్కిన చప్పుడు వినేదాకా ఆమె మళ్ళీ పడుకోదు. ఆరింటికల్లా వార్డులో ఉండాలి కాబట్టి ఐదింటికి ఇల్లు వదలాలి. నేను నాలుగుసార్లు లేస్తే ఆమె నాలుగుసార్లు లేచినట్టే. ఇది నాకు తెలుసు. ఆమె అడిగిన ప్రశ్నల్లో ఇది లేదు.

రెండో వారంలో ఒక తెల్లవారుజామున మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్తే, ఆమె నోట్లో బ్రష్షుతో, సింకుకు ఆనుకుని నిలబడే నిద్రపోతోంది. నురగ గడ్డం దాకా కారుతోంది. లేపకుండా వెనక్కి వచ్చేశాను.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం దాటాక నీళ్ళు తాగటం మానేశాను. కూజాలో మిగిలినవి సింకులో పోసి గళ్ళన్నీ టిక్కులతో నింపాను. మూడు రోజుల్లో ఫలితం కనిపించింది. నాలుగుసార్లు రెండైంది, తర్వాత ఒకటైంది. ఇన్నేళ్ళూ ఈ తెలివి లేకపోయిందే అనుకున్నాను. నోరు ఎండిపోయేది. పొద్దున నాలుక అంగిలికి అంటుకుపోయేది. ఆమె నిద్ర ముందు అదెంత అనిపించేది.

కళ్ళు తిరగటం మాత్రం ఎక్కువైంది. నాలుగో వారంలో ఒకసారి గోడ కోసం చేయి చాపితే గోడ ఉండాల్సిన చోట లేదు. వరండాలో కింద కూర్చుండిపోయాను. పడలేదు, కూర్చున్నాను అని నాకు నేనే చెప్పుకున్నాను. ఒక మాట బదులు ఇంకో మాట వేసి అర్థం కాపాడటం నా వృత్తి. దాన్ని ఇంత హీనంగా ఎప్పుడూ వాడలేదు.

ప్రతి ఆదివారం ఆమె పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. "ఎలా ఉంది మామయ్యా?"

"బాగానే ఉందమ్మా."

అదే రాసేది, కొటేషన్లలో. బీపీ నిలబెట్టి చూడబోతే, వానకు మోకాళ్ళు లాగుతున్నాయి, కూర్చునే చూడు అనేవాణ్ణి. నా మీద జాలితో కూర్చోబెట్టే చూసేది. కూర్చున్నవాడికి అంకెలు బాగానే వచ్చేవి. ఐదో వారానికి చివరి గడిలో "లక్ష్యం నెరవేరింది" అని రాసేసింది. వంట చేస్తూ కూనిరాగం తీసింది. మా అబ్బాయి ఆమెను సిస్టర్ గారూ అని పిలిచి, చొక్కా గుండీ ఊడిందండీ, ఏ గడిలో రాస్తారు అని అడిగాడు. నేను చేసిన దానికి ఆ ఇల్లే సాక్ష్యం, ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

జూలై ఇరవై ఆరున కోడలి కాలేజీ నుంచి ట్యూటరు మేడమ్ వచ్చింది. పుస్తకం అప్పగించే ముందు రోగిని ఒకసారి స్వయంగా చూడాలట. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి. గొడుగు గుమ్మం బయటే మూడుసార్లు దులిపి, నేల తడవకుండా బకెట్లో నిలబెట్టి లోపలికి వచ్చింది. అరగంట సేపు ఒక్కో పేజీ చదివింది.

"రెండో గడి చక్కగా రాశావు" అంది. బిగబట్టుకున్న కోడలి భుజాలు కిందికి దిగటం చూశాను.

తర్వాత నా వైపు తిరిగింది. "పెద్దాయనా, ఐదు వారాలూ మీరు ఇదే మాట చెప్పారా?"

అవునన్నాను.

"బాగానే ఉందమ్మా. బాగానే ఉందమ్మా." వేలు పెట్టి ఒక్కో ఆదివారమూ చదివింది. "ఇందులో ఈ 'నే' ఎందుకొచ్చింది?"

వ్యాకరణం ప్రకారం చెప్పగలను. ఆమె అడిగింది వ్యాకరణం కాదు.

ఆమె కోడలితో అంది: "కొత్త చెప్పులు ఎలా ఉన్నాయని అడిగితే, సరిపోయినవాడు బాగున్నాయంటాడు. కరుస్తున్నవాడు బాగానే ఉన్నాయంటాడు. నువ్వు రాయటం సరిగ్గానే రాశావమ్మాయ్. రాసింది చదువుకోలేదు."

అంతకు మించి ఏమీ అనలేదు. సోమవారం సాయంత్రం ఐదులోగా పుస్తకం ఇవ్వాలని చెప్పి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

కోడలు ఆమె తాగిన గ్లాసు కడిగింది. చాలాసేపు కడిగింది. తర్వాత బీపీ మిషను తెచ్చి, నన్ను పడుకోమంది. నూట ముప్పై ఎనిమిది. లేచి నిలబడమంది. మోకాళ్ళ సంగతి ఎత్తబోయాను గానీ ఆమె మొహం చూసి ఊరుకున్నాను. నిలబడ్డాను. కిటికీలో వాన తెల్లబడి, గది అంతా పాకింది. మళ్ళీ కళ్ళు కనపడేసరికి ఆమె చేయి నా నడుం చుట్టూ ఉంది. నేను పడకముందే వేసినట్టుంది.

"నూట నాలుగు" అంది. కూర్చోబెట్టి, నాలుక చూపించమంది. చూసింది. "నీళ్ళు తాగటం లేదు మీరు."

అడిగినట్టు అనలేదు. సింకు సంగతి, టిక్కుల సంగతి, వరండాలో కూర్చున్న సంగతి, అన్నీ చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. బ్రష్షు దగ్గరికి వచ్చేసరికి ఆమె తల తిప్పుకుంది.

నాకు ఒకటే తొందర. "ఇవాళ్టి నుంచి తాగుతానమ్మా, ఒట్టు. పుస్తకం అలాగే ఇచ్చెయ్యి. మేడమ్ ఏమీ అనలేదు కదా, ఇంకెవరికి తెలుస్తుంది? నీ పేరు కొట్టేస్తారు."

ఆమె ఫ్రిజ్ మీది కాగితం వంక చూస్తూ ఉండిపోయింది. వారానికి ఏడు వరసలు, వరసకు ఎనిమిది టిక్కులు. చాలా అందంగా ఉన్నాయి.

"ప్రూఫులు చూసేటప్పుడు, అచ్చయిపోయాక తప్పు కనిపిస్తే వదిలేసేవారా మామయ్యా?"

"వదిలేసిన రోజులున్నాయమ్మా."

"వాటి వల్ల ఎవరైనా పడ్డారా?"



ఆమె పెన్ను తీసి, చివరి గడిలోని "నెరవేరింది" మీద ఒకటే గీత గీసింది. నర్సులు దిద్దే పద్ధతి అదట. చెరపకూడదు, గిలికి పాడు చేయకూడదు, కొట్టేసిన మాట కింద చదవటానికి వీలుగా ఉండాలి. పక్కన సంతకం, తేదీ. పైన "నెరవేరలేదు" అని రాసింది. దాని కింద కారణం రాసింది. నేను నీళ్ళు పారబోశానని రాస్తుందనుకున్నాను. "రోగి రాత్రి ఎన్నిసార్లు లేస్తాడో నర్సు అడిగింది. లేచినప్పుడు అతనికి ఏం దిగులో అడగలేదు" అని రాసింది. ఆ వాక్యంలో నేను దిద్దవలసింది ఏమీ లేదు.

మా అబ్బాయి డ్యూటీ దిగి వచ్చేసరికి ఎనిమిదైంది. మొత్తం నేనే చెప్పాను. షూ లేసు విప్పుతున్నవాడు అలాగే వంగి ఉండిపోయాడు. "సాయం చేస్తానన్నావు కదా నాన్నా" అన్నాడు. అరిస్తే బాగుండేది. అంతకు ముందు ఎన్నడూ వాడు నా వల్ల నష్టపోలేదు. అన్నం తినకుండా పడుకున్నాడు.

సోమవారం ఆమె పుస్తకం ఇచ్చి, చీకటి పడ్డాక వచ్చింది. తప్పినట్టు రాయలేదట. అసంపూర్తి అని రాశారట. మొదటి గడి నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి, మళ్ళీ ఆరు వారాలు. పరీక్ష డిసెంబరులో, వెనక వచ్చే బ్యాచితో. అందులో తప్పితే ఇక ఆఖరే. ఇదంతా చెప్పి, మొగుడి మొహం వంక చూసింది. బడి ఆఫీసులో జాగా ఇంకా ఖాళీగానే ఉందని మాకు ముగ్గురికీ తెలుసు.

"డిసెంబరా" అన్నాడు వాడు. లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమె నా ఎదురుగా కూర్చుని రొట్టె తుంచుతోంది, నోట్లో పెట్టుకోవటం లేదు. అంతలో లోపల ఏదో లాగుతున్న చప్పుడైంది. వెళ్ళి చూస్తే వాడు వాళ్ళ మంచం విప్పుతున్నాడు. పరుపు గోడకు ఆనించి ఉంది. నోట్లో రెండు స్క్రూలు.

"ఏం చేస్తున్నావురా?"

స్క్రూలు చేతిలోకి తీసుకున్నాడు. "ఈ గదిలోకి నువ్వు. నీ గదిలోకి మేము. బాత్రూము పక్కన నువ్వే ఉంటే నాలుగడుగులే నడక, అర్ధరాత్రి ఫ్లష్ మోగినా ఎవరికీ వినపడదు." భార్య గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె వైపు చూడకుండానే అన్నాడు, "ఇక మీ పేషెంటుకి అబద్ధం చెప్పే సాకు లేదండీ సిస్టర్ గారూ. రాసుకోండి."

ఆమె నవ్వలేదు. వెళ్ళి మంచం రెండో కొస పట్టుకుంది. ముగ్గురం తొమ్మిదిన్నర దాకా సామాన్లు మార్చాం. నన్ను మాత్రం తలగడలు తప్ప ఏమీ మోయనివ్వలేదు.

ఆగస్టు నాలుగు, ఆదివారం. కొత్త పుస్తకం, కొత్త గళ్ళు. భోజనాలయ్యాక ఆమె నా కొత్త గదిలో కుర్చీ వేసుకుంది. పడుకోబెట్టి చూసింది, నిలబెట్టి చూసింది. వారం రోజుల నీళ్ళకు అంకెలు కొంచెం తేరుకున్నాయి గానీ చెప్పుకోదగ్గంత కాదు.

"ఎలా ఉంది మామయ్యా?"

నోటి చివరి దాకా వచ్చిన మాటను మింగాను. అది అలవాటుగా వచ్చింది, మర్యాదగా వచ్చింది. నలభై ఏళ్ళ కాపురంలో మా ఆవిడకు కూడా అదే చెప్పేవాణ్ణి.

"బాగా లేదమ్మా" అన్నాను.

ఆమె పెన్ను కదల్లేదు. ఇంకా ఉందని తెలిసినట్టు ఆగింది.

"లేచినప్పుడు ఇంకా తూలుతోంది. రాత్రి మూడుసార్లు లేచాను. అందులో చివరిసారి బాత్రూము అవసరం లేదు. మీ అత్తయ్య పోయింది నాలుగింటికి. ఆ వేళకి మెలకువ వచ్చేస్తుంది. పక్క మీద ఉండలేక లేస్తాను. ఎక్కడికి వెళ్ళాలో తెలియక బాత్రూముకి వెళ్ళి ఫ్లష్ నొక్కి వస్తాను."

ఎవరికీ చెప్పని మాట. నాకే కొత్తగా వినిపించింది. కోడలు ముందు కొటేషను గుర్తు పెట్టింది. తర్వాత నేను అన్నది అన్నట్టే, నిదానంగా రాసింది. రాసి, గుర్తు మూసి, ఒకసారి తనలో తను చదువుకుంది.

"నాలుగింటికి మెలకువ వస్తే నన్ను పిలుస్తారా?"

"నీకు డ్యూటీ."

"డ్యూటీ సంగతి అడగలేదు మామయ్యా."

"పిలుస్తాను" అన్నాను.

ఆమె నా మొహం వంక చూసింది. ఇంతకు ముందు ఎప్పుడూ అంతసేపు చూడలేదు. నా మాటకీ మొహానికీ తేడా ఏమైనా ఉందేమోనని వెతికినట్టుంది. దొరక్కపోయేసరికి పుస్తకం మూసి, మంచం పక్కన నీళ్ళ గ్లాసు పెట్టి, దీపం తగ్గించి వెళ్ళింది.

ఆ వానలు మొదలైనప్పటి నుంచీ ఆమె తన గది తలుపు తెరిచే పడుకునేదని, నేను పడితే వినపడాలని అలా చేసేదని, మా అబ్బాయి సామాన్లు మార్చేటప్పుడు చెప్పాడు. ఆ ఆదివారం రాత్రి వరండాలో ఆమె అడుగులు తన గది గుమ్మం దగ్గర ఆగాయి. కాసేపటికి, పిలుస్తానన్న నా మాట చాలన్నట్టు, గడియ చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని, తలుపు మెల్లగా వేసుకుంది.